మహాసభకు పిల్లలు కావలెను

ప్రభుత్వ విద్యను కాపాడే పని మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మహా జోరుగా సాగుతోంది. ఈ జోరు ఇలాగే ఉంటే ఇంకొన్నేళ్లకు కాపాడటానికి బడి మిగలకపోయినా, కాపాడేవాళ్లకు మాత్రం కొరత రాదు. జిల్లాకో పరిరక్షణ సమితి, మండలానికో సాధన కమిటీ, వీటన్నిటినీ కలుపుతూ ఓ ఐక్యవేదిక, అందులో చోటు దొరకనివాళ్లంతా కలిసి పెట్టుకున్న మరో ఐక్యవేదిక. టీచర్ లేని బడి ఉండొచ్చు గానీ కన్వీనర్ లేని మండలం లేదు.

వీళ్ల సేవానిరతిని శంకించే కుసంస్కారం నాకు లేదు. నా బాధల్లా మొన్నటి ర్యాలీ గురించే.

విద్యార్థుల మానసిక ఒత్తిడిపై ఐక్యవేదిక పెట్టిన అవగాహన ర్యాలీ అది. పది గంటలకు మొదలని కరపత్రంలో వేశారు. కాబట్టి పిల్లలను తొమ్మిదిన్నరకే తరగతుల్లోంచి లేపి, మెయిన్ రోడ్డు పక్కన రెండు వరసల్లో నిలబెట్టారు. ముఖ్య అతిథి పన్నెండుంపావుకు వేంచేశారు. ఈలోగా పిల్లలు ఊరికే ఉన్నారనుకోకండి. పీఈటీ సారు ముందు అరిస్తే వెనక వీళ్లు అరిచారు. "ఒత్తిడి వద్దు, ఉత్సాహం ముద్దు" అని, గొంతులు బొంగురుపోయేదాకా. వరసలోంచి కాలు బయటికి పెట్టిన వాడికి ఉత్సాహం ఎందుకు తగ్గిందో వీపు మీద చెప్పారు. ఎండకు ఇద్దరు ఆడపిల్లలు కళ్లు తిరిగి కూలబడితే నాయకులే స్వయంగా పరుగెత్తుకొచ్చి గ్లూకోజ్ నీళ్లు పట్టించారు. ఆ ఫొటో మర్నాడు జిల్లా పేజీలో వచ్చింది, చక్కగా వచ్చింది. "విద్యార్థినుల ఆరోగ్యంపై శ్రద్ధ చూపుతున్న వేదిక ప్రతినిధులు" అని కింద రాశారు. ఒత్తిడి అంటే ఏమిటో పిల్లలకు తెలియజెప్పడంలో ర్యాలీ నూటికి నూరుపాళ్లూ విజయవంతమైందని నేనూ ఒప్పుకుంటాను.

విద్యా హక్కు చట్టంలో 27వ సెక్షన్ ఒకటుంది. జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప చదువుకు సంబంధం లేని పనులకు టీచర్లను వాడుకోకూడదంటుంది. పిల్లలను వాడుకోకూడదని కూడా విడిగా రాయాల్సి వస్తుందని 2009లో ఆ చట్టం చేసినవాళ్లకు తట్టలేదు, పాపం. అదే చట్టం షెడ్యూల్‌లో ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, వెయ్యి గంటల బోధన ఉండాలని ఉంది. రోడ్డు పక్క నిలబెట్టిన గంటలు ఆ వెయ్యిలో కలుస్తాయా అని హెచ్‌ఎంను అడిగాను. ఆయన మంచివాడు. "పైనుంచి ఫోన్ వచ్చింది సార్, ఏం చెయ్యమంటారు?" అన్నాడు. పైనుంచి ఫోన్ వస్తే లెక్కలు ఎప్పుడూ సరిపోతాయి.

ఇక ఫ్లెక్సీ. దీని గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఏ ప్రజా ఉద్యమానికైనా మొదట వేసేది పునాదిరాయి కాదు, ఫ్లెక్సీ. ఇరవై అడుగుల ఫ్లెక్సీని బడి ప్రహరీకి అడ్డంగా కట్టారు. బడి పేరు దాని వెనక్కి పోయింది. పిల్లను చేర్పిద్దామని కొత్తగా వచ్చిన తల్లి ఎవరైనా అదేదో పార్టీ ఆఫీసనుకొని వెనక్కి పోయినా పోతుంది. మధ్యలో ముఖ్య అతిథిగారి నిలువెత్తు బొమ్మ. కుడివైపు గౌరవాధ్యక్షులు, ఎడమవైపు అధ్యక్షులు. ఈ ఇద్దరి తలలూ ఒకే సైజులో ఉండాలన్న ఒప్పందం మీదే సంఘం నడుస్తోంది. కింది వరసలో కన్వీనర్లు, కో-కన్వీనర్లు, సలహాదారులు, ఫ్లెక్సీ డబ్బులు కట్టిన వెంచర్ యజమాని. సగంమంది చెవి దగ్గర ఫోన్ పెట్టుకొని దూరంగా ఎటో చూస్తున్నారు, అవతల విద్యాశాఖ కార్యదర్శి లైన్లో ఉన్నట్టు. పిల్లలు లేరా అంటే, ఉన్నారు. కింద మూలన ముగ్గురు. మెడలో టై, కాళ్లకు మెరిసే బూట్లు, బంగారు రంగు జుట్టు. మండలంలోని ఏ జిల్లా పరిషత్ హైస్కూల్లో చదువుతున్నారో ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు.

ఆ ఫ్లెక్సీ అడుగున అయిదు ఫోన్ నంబర్లున్నాయి. అయిదూ నాయకులవే. "మానసిక ఆరోగ్యం" అని అడుగున్నర అక్షరాలతో రాసిన ఆ గుడ్డ మీద టెలీ మానస్ నంబరు 14416 లేదు. 2022 అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు కేంద్రం మొదలుపెట్టిన ఉచిత హెల్ప్‌లైన్ అది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. అయిదంకెల నంబరు. కో-కన్వీనర్‌గారి మీసం ఓ పక్క కాస్త కత్తిరిస్తే పట్టేది.

ర్యాలీ తర్వాత సభ. వేదిక మీద పందొమ్మిది కుర్చీలు, మైకు ముందు నాలుగు వరసల బెంచీలు. పిల్లలు నేల మీద. వేదిక మీదికి పిలవడానికే ముప్పావు గంట పట్టింది. ఒక్కొక్కరి పేరుకు ముందు విద్యాభిమాని, విద్యాప్రదాత, విద్యా తపస్వి, విద్యా శిఖామణి. ఇంత విద్య ఒకే వేదిక మీద ఉంటే అది కుంగిపోతుందేమోనని భయం వేసింది. తర్వాత శాలువాలు. గౌరవాధ్యక్షులు అధ్యక్షులకు కప్పారు, అధ్యక్షులు ముఖ్య అతిథికి కప్పారు, ముఖ్య అతిథి గౌరవాధ్యక్షులకు కప్పారు. శాలువాలు ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి మధ్యాహ్న భోజనం గంట కొట్టారు. ఎవరినీ లేవనివ్వలేదు. అన్నం చల్లారితే ఏమైంది, ప్రసంగాలు వేడిగా ఉన్నాయి.

ప్రసంగాల్లో ఓ విశేషం గమనించాను. వేదిక మీది పెద్దలంతా ప్రభుత్వ బడిలోనే చదివారు. అందరూ చెట్టు కిందే చదివారు. మొదటాయన బడికి రోజూ మూడు కిలోమీటర్లు నడిచేవారు. రెండో ఆయన అయిదు, చెప్పుల్లేకుండా. మూడో ఆయన ఎనిమిది, మధ్యలో వాగు. నాలుగో ఆయన వచ్చేసరికి వాగుకు వరద, పలక తల మీద పెట్టుకొని ఈదేవారు. అయిదో ఆయన కాసేపు తటపటాయించి, తమ వాగులో మొసళ్లు ఉండేవని చెప్పారు. చప్పట్లు మార్మోగాయి. అవతలి వరసలో ఎమ్మీవో గారు కూడా కొట్టారు, కొట్టక తప్పదు. ఆరో వక్త పేరు పిలిస్తే ఆయన బాత్రూముకు వెళ్లారన్నారు. మొసళ్ల తర్వాత చెప్పడానికి ఏముంటుంది, నేనైనా వెళ్లేవాణ్ణి.

ఇంత కష్టపడి చదివినవాళ్లు తమ పిల్లలను ఏ చెట్టు కింద కూర్చోబెట్టారన్న అనుమానం వెనక బెంచీలో ఓ రిటైర్డ్ మాస్టారికి వచ్చింది. ఆయన లేచి, చేతులు జోడించి, ఓ చిన్న తీర్మానం ప్రతిపాదిస్తానన్నారు: ఈ వేదిక బాధ్యులు, వారి పిల్లలనో మనవలనో వచ్చే జూన్‌లో బడిబాట రోజుల్లోనే ఈ బడిలో చేర్పించాలి. అంతే. ఆ క్షణంలో వేదిక మీద జరిగింది చూసి తీరాల్సిందే. పందొమ్మిది మందీ ఒకేసారి ఫోన్లు చూసుకున్నారు. మైకు గుర్రుమంది. అధ్యక్షులు లేచి, మాస్టారు వయసులో పెద్దవారని, వారి ఆవేదనను వేదిక గౌరవిస్తోందని, సాంకేతిక కారణాల వల్ల కొత్త తీర్మానాలు ఈ సభలో చర్చకు తీసుకోలేమని చెప్పి, మాస్టారికి ఒక శాలువా కప్పించారు. ఆయన నోరు అలా మూతపడింది. శాలువాకు ఇంత శక్తి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

మాస్టారి కోరిక కొత్తదేమీ కాదు. 2015 ఆగస్టులో అలహాబాద్ హైకోర్టు ఉత్తరప్రదేశ్ ప్రభుత్వానికి దాదాపు ఇదే చెప్పింది. ప్రభుత్వ ఖజానా నుంచి జీతమో లబ్ధో పొందేవాళ్లు, అధికారులు, ప్రజాప్రతినిధులు, న్యాయమూర్తులు సహా అందరూ తమ పిల్లలను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లోనే చదివించేలా చూడాలంది. ఆ పిల్లలు ఇంకా దారిలోనే ఉన్నారు. బహుశా వాగు అడ్డొచ్చి ఉంటుంది.

కొత్త తీర్మానాలకు వీల్లేదు గానీ పాతవాటికి లోటేం లేదు. చదువు మీద జాతీయాదాయంలో 6 శాతం ఖర్చు చేయాలన్న తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించారు. 1966లో కొఠారీ కమిషన్ చెప్పిన మాట అది. 1985-86 నాటికల్లా అక్కడికి చేరాలని గడువు కూడా పెట్టింది. 1968 జాతీయ విద్యా విధానం సరేనంది. 2020 జాతీయ విద్యా విధానమూ సరేనంది. ప్రభుత్వాలు సరేనంటూనే ఉన్నాయి, వేదికలు తీర్మానిస్తూనే ఉన్నాయి, ఎవరి పని వారు చేసుకుపోతున్నారు. తీర్మానం జిరాక్సు కాపీ నాకూ ఇచ్చారు. తేదీ ఒక్కటే పెన్నుతో దిద్ది ఉంది. దిద్దిన చోట కాగితం పలచబడి వెలుతురు కనిపిస్తోంది. దాని కింద మరో తేదీ, ఆ తేదీ కింద ఇంకో తేదీ.

మధ్యలో ఓ మోటివేషనల్ స్పీకర్‌ను కూడా పిలిపించారు. విద్యార్థుల మానసిక ఆరోగ్యం అన్న అంశానికి ఆయనే దిక్కు. ఒత్తిడి అనేది భ్రమ అని, తెల్లవారుజామున నాలుగింటికి లేచి చన్నీళ్లతో స్నానం చేసేవాడి దగ్గరికి అది రానే రాదని, తన క్లాసులో చేరిన పిల్లవాడికి ఫలానా ర్యాంకు వచ్చిందని, ర్యాంకు రానివాళ్లు నాలుగింటికి సరిగ్గా లేవలేదని సెలవిచ్చారు. "సాధిస్తారా?" అని మూడుసార్లు అరిపించారు. ఎదురుగా మూడు గంటలుగా అన్నం లేకుండా కూర్చున్న పిల్లలు మూడుసార్లూ సాధిస్తామన్నారు. సాధిస్తేగానీ వదలరని అర్థమైనట్టుంది.

అజెండాలో చివరి అంశం "విద్యార్థి ప్రసంగం, 3 నిమిషాలు". ఎనిమిదో తరగతి పిల్ల. పొద్దున్నుంచి చేతిలో కాగితం మడతపెట్టుకొని తిరుగుతోంది. ముందు అతిథులకు పూలగుచ్ఛాలు ఇప్పించారు, తర్వాత మంచినీళ్ల సీసాలు పెట్టించారు, శాలువాల పళ్లెం పట్టించారు. ఆమె వంతు వచ్చేసరికి ముఖ్య అతిథికి మరో ప్రోగ్రాం ఉందన్నారు. "సమయాభావం వల్ల విద్యార్థి ప్రసంగాన్ని రద్దు చేస్తూ వందన సమర్పణలోకి వెళ్తున్నాం." వందన సమర్పణ ఇరవై రెండు నిమిషాలు పట్టింది. టెంటు హౌసు వాళ్లకు, మైకు సెట్టు వాళ్లకు, సౌండు కుర్రాడి మేనమామకు కూడా కృతజ్ఞతలు చెప్పారు.

ఆ పిల్ల కాగితం నేను చూశాను. వాళ్ల తెలుగు మేడం చూపించింది. మూడే విషయాలు రాసుకుంది. ఆడపిల్లల బాత్రూముకు లోపల గడియ లేదు, ఒకరు వెళ్తే ఇంకొకరు బయట తలుపు పట్టుకొని నిలబడుతున్నారు. లెక్కల సారు బదిలీ అయి వెళ్లాక మళ్లీ ఎవరూ రాలేదు. మూడోది, కిందటేడు తమ క్లాసులో ఉన్న స్నేహితురాలు బడి మానేసింది, పెళ్లి చేస్తారని అంటున్నారు, ఎవరికి చెప్పాలో తెలియలేదు.

ఇంతే. ఇక్కడ నాకు వెటకారం రావట్లేదు, క్షమించండి.

గడియకు ఎంతవుతుంది? ఫ్లెక్సీ కట్టిన తాడుకు పెట్టిన డబ్బులు చాలవా? ఆడపిల్లలకు, మగపిల్లలకు వేర్వేరు మరుగుదొడ్లు, తాగునీరు, ప్రహరీ ఉండాలని చట్టం షెడ్యూల్‌లో రాసి, అవన్నీ సమకూర్చడానికి మూడేళ్ల గడువు పెట్టారు. ఆ గడువు 2013 మార్చి 31తో అయిపోయింది. అప్పటికి ఈ పిల్ల చంటిపాపో, పుట్టనేలేదో. గడువు దాటి, ఆమె పుట్టి పెరిగి ఎనిమిదో తరగతికి వచ్చి, గడియ లేదని కాగితం మీద రాసుకొని వస్తే, దాన్ని చదవడానికి మూడు నిమిషాలు లేవా మీకు? పందొమ్మిది మంది పెద్దవాళ్లు ఆ బడి ఆవరణలో అయిదు గంటలు కూర్చున్నారు. ఒక్కరంటే ఒక్కరు లేచి ఆ బాత్రూము దాకా నడిచి తలుపు వేసి చూడలేదు. ఆరో వక్త వెళ్లింది కూడా స్టాఫ్ బాత్రూముకే. అయినా విద్యార్థుల శ్రేయస్సు మీద మీకు మహాసభ కావాలి!

పిల్లల మనసుల మీద మాట్లాడే హక్కు మనకెక్కడిది? 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు మార్కుల్లో తప్పులు దొర్లాయి. తెలుగులో 99 రావాల్సిన అమ్మాయికి 0 వేశారు. ఆ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అప్పుడు కూడా త్రిసభ్య కమిటీ వేశారు, రౌండ్ టేబుల్ సమావేశాలు జరిగాయి, కొవ్వొత్తులు వెలిగించారు. 2022లో దేశం మొత్తం మీద 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని నేర గణాంకాల బ్యూరో లెక్క. ఈ అంకెను వేదిక మీద ఒక్కరు కూడా పలకలేదు. మొసళ్లు మాత్రం వచ్చాయి.

2025 జులై 25న సుప్రీంకోర్టు ఓ తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి కేసు అది, మన దగ్గరిదే. వందమంది, అంతకు పైగా పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరుండాలని, వందలోపు ఉన్నచోట బయటి నిపుణులతో ఏర్పాటు ఉండాలని చెప్పింది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, నలుగురిలో అవమానించడం మానాలంది. చట్టం వచ్చేదాకా ఇవే అమలులో ఉంటాయంది. మన వేదికకు ఇంతకంటే ఏం కావాలి? మీ జిల్లాలో వందకు పైగా పిల్లలున్న బడులెన్ని, వాటిలో కౌన్సెలర్ ఉన్నవెన్ని అని సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెడితే చాలు, పది రూపాయల ఖర్చు. అలా చేద్దామని నేను సెక్రటరీగారితో అన్నాను. ఆయన శ్రద్ధగా విని, "మంచి పాయింట్ సార్, దీని మీద ఒక సెమినార్ పెడదాం" అన్నారు.

అసలు బడిని కాపాడటానికి కొత్త వేదిక అక్కర్లేదు. విద్యా హక్కు చట్టమే ఒకటి ఇచ్చింది. 21వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఉండాలి. సభ్యుల్లో నాలుగింట మూడొంతుల మంది ఆ బడిలో చదివే పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలి, సగం మంది ఆడవాళ్లుండాలి. బడి ఎలా నడుస్తోందో చూడటం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, వచ్చిన నిధులు ఎటు పోయాయో అడగటం వాళ్ల పని. గడియ సంగతి అడగాల్సింది అక్కడే. లెక్కల సారు సంగతీ అక్కడే. తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడు డిసెంబర్ 7న రాష్ట్రమంతా ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. పేర్లు, ఫొటోలు బాగానే ఉన్నాయి.

కానీ ఆ తీర్మానాల పుస్తకం ఎప్పుడైనా చూశారా? ముందు సంతకాలు ఉంటాయి, వేలిముద్రలు ఉంటాయి, మధ్యలో ఖాళీ ఉంటుంది. విషయం తర్వాత తీరిగ్గా రాసుకుంటారు. మీటింగ్‌కు వస్తే ఆ తల్లికి ఆ రోజు కూలి పోతుంది. కూలి మానుకొని వచ్చినా "ఇక్కడ పెట్టమ్మా" అని వేలు చూపించి పంపేస్తారు. ఆమెకు హక్కుందని, నిధుల లెక్క అడగొచ్చని ఎవరు చెప్పాలి? ఐక్యవేదిక చెప్పొచ్చు. ఊరికి పదిమంది తల్లులను కూర్చోబెట్టి ఈ సెక్షన్ చదివి వినిపిస్తే సగం పని అయిపోతుంది. కాకపోతే ఇందులో వాళ్లకు ఓ ఇబ్బంది ఉంది. ఆ తల్లుల వరసలో కూర్చోవాలంటే ఆ బడిలో మన పిల్లలు చదువుతుండాలి. శాలువా పడే కుర్చీ అక్కడ లేదు.

జనం కలిసి చదువు గురించి పనిచేసిన సందర్భాలు మనకు లేకపోలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వెళ్లిన ఆడవాళ్లు 1990ల మొదట్లో సారా దుకాణం మూయించారు. అది ఊరూరా పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. రాత్రి బడిలో పలక పట్టుకున్నవాళ్లు చేసిన పని. రంగారెడ్డి జిల్లాలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ వాళ్లు బడి బయట ఉన్న ప్రతి పిల్లనూ పిల్లవాణ్ణీ బాలకార్మికులుగానే లెక్కగట్టి, ఇల్లిల్లూ తిరిగి, తల్లిదండ్రులతో, పనిలో పెట్టుకున్న ఆసాములతో, టీచర్లతో మాట్లాడి, వేలమంది పిల్లలను బడికి తెచ్చారు. ఆ పనికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. ప్రభుత్వ టీచర్లే సంఘం పెట్టుకొని బాలకార్మికుల విముక్తికి ఆ పనిలో కలిశారు. వీళ్ల ఫ్లెక్సీ ఒక్కటి కూడా నాకు గుర్తు రావడం లేదు. ఎంత వెనకబడిన ఉద్యమాలో చూడండి.

ఆ బడి మానేసిన పిల్ల ఇంటికి ఎవరైనా వెళ్లారా అని తర్వాత విచారించాను. తెలుగు మేడం వెళ్లింది. ఆమె ఒక్కతే వెళ్లింది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి, తల్లితో రెండు గంటలు మాట్లాడి వచ్చింది. వేదిక సభ్యత్వం ఆమెకు లేదు. సభ రోజు ఆమె డ్యూటీ పూలగుచ్ఛాల లెక్క చూడటం.

వేదిక మాత్రం సభ అయిన పది రోజులకే చీలిపోయింది. కారణం సిద్ధాంతపరమైనదే. జిల్లా పేజీలో వచ్చిన ఫొటోలో అధ్యక్షులవారి తల గౌరవాధ్యక్షులవారి భుజం వెనక్కి పోయింది. కావాలనే తోశారని అధ్యక్ష వర్గం, ఆయనే గ్లూకోజ్ గ్లాసు కోసం వంగారని గౌరవాధ్యక్ష వర్గం. ఇరువర్గాలూ ప్రెస్‌మీట్లు పెట్టి, ప్రభుత్వ విద్యకు అవతలివాళ్లు చేస్తున్న ద్రోహాన్ని ఎండగట్టాయి. ఎమ్మీవో ఆఫీసులో ఇద్దరూ వేర్వేరుగా వినతిపత్రాలు ఇచ్చారు. లోపల విషయం ఒకటే కావడంతో గుమస్తా రెంటినీ ఒకే ట్యాగు కట్టి ఒకే ఫైల్లో పెట్టేశాడు. ఈ రాష్ట్రంలో వాళ్ల ఐక్యత మిగిలింది ఆ ఫైల్లోనే.

గౌరవాధ్యక్ష వర్గం సెమినార్ వైపు మొగ్గుతోంది. అధ్యక్ష వర్గం అంతకంటే పెద్దది తలపెట్టింది: విద్యార్థుల మానసిక ప్రశాంతత కోసం మార్చిలో జిల్లా అంతా బస్సు యాత్ర. డప్పులు, పాటల బృందం, బస్సు పైన నాలుగు లౌడ్ స్పీకర్లు. మార్చిలో పదో తరగతి పరీక్షలుంటాయి కదా అని ఎవరో గుర్తుచేస్తే, అప్పుడైతే పిల్లలందరూ ఒకేచోట దొరుకుతారని, యాత్ర రూటు కూడా పరీక్షా కేంద్రాల మీదుగానే వేశామని కన్వీనర్ చెప్పారు. సౌండ్ పర్మిషన్ కోసం పోలీస్ స్టేషన్‌లో ఇచ్చిన దరఖాస్తు కాపీ నాకు వాట్సాప్‌లో పంపారు. "పరీక్షల సమయంలో విద్యార్థులు ఎదుర్కొంటున్న తీవ్ర ఆందోళనను దృష్టిలో ఉంచుకొని, ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 వరకు మైకు వాడుకోవడానికి అనుమతించగలరు" అని ఉంది. ఎస్సై గారు సంతకం పెట్టేశారట. ఆయన కూడా చెట్టు కిందే చదువుకున్నారట.